హైమంతికాధ్యయనము: స్టైను పండితుని రాజతరంగిణీ పరిశ్రమ

శ్రావణమాసమునందో భాద్రపదమునందో ఉపాకర్మ మొనర్చి, నాలుగున్నర మాసములు వేదాధ్యయనము సలిపి, పుష్యమాసమున గ్రామమునకు వెలుపల నుత్సర్జనము గావింపవలయునని ధర్మశాస్త్రకారులు విధించిరి. అటుపిమ్మట శుక్లపక్షములందు వేదమును, కృష్ణపక్షములందు వేదాంగములను జదువుట మనుస్మృతియందు జెప్పబడిన క్రమము. ఈ విధిలో గమనింపదగిన యంశములు రెండు గలవు. ఉత్సర్జన మనగా చదువునకు స్వస్తి చెప్పుట కాదు, చదువు తీరును మార్చుట యనునది మొదటిది. ఆ కర్మ యూరివెలుపల జరుగవలయుననుట రెండవది. చలికాలమున నధ్యేత యొక్కసారియైనను గడప దాటవలయునని పూర్వులు తలచిరి కాబోలును.

పాణినీయమున చతుర్థాధ్యాయ ద్వితీయపాదమునందు, చదువువాడు, ఎరిగినవాడు అను నర్థములందు ప్రత్యయములను విధించు ప్రకరణ మొకటి గలదు. అందు వసంతాదిగణమునకు ఠక్కు విహితమైనది. ఆ గణమున హేమంత శిశిరములును బఠింపబడినవి. వసంతముతో సాహచర్యము గల గ్రంథమే వసంతమనియు, దానిని జదువువాడు వాసంతికుడనియు కాశికాకారులు వివరించిరి. ఆ న్యాయముననే హేమంతసహచరితమగు గ్రంథమును జదువువాడు హైమంతికుడు. ఆ గ్రంథమెట్టిదో నేడు తెలియుట కష్టము. గ్రంథము పోయినను శబ్దము నిలిచినది. శబ్దమునకు లక్ష్యము కావలయునన్నచో, పరదేశమున నుపాధ్యాయుడై, శీతకాలపు సెలవులను దేశాటనమున గడపి, ఆ యాటనమునే గ్రంథవ్యాఖ్యానమునకు సాధనముగా జేసికొనిన ఆరెల్ స్టైను పండితుని జూపవచ్చును. కల్హణుని రాజతరంగిణికి ఆయన చేసిన సేవయందు గుణమెట్టిది, లోపమెట్టిది యనునది యిచ్చట విచార్యము.

స్టైను 1862 నవంబరులో హంగరీదేశపు బుడాపెస్టునగరమున జన్మించెను. ట్యూబింగెనునందు వేదకోశకర్తయగు రోత్‌పండితునికడను, వియన్నాయందు బ్యూలరుపండితునికడను సంస్కృతము నభ్యసించెను. 1888లో లాహోరునకు వచ్చి, పంజాబు విశ్వవిద్యాలయమునకు రిజిస్ట్రారుగను, ప్రాచ్యకళాశాలకు ప్రధానాచార్యుడుగను 1899 వరకు బనిచేసెను. జన్మదేశము హంగరీ, విద్యాభ్యాసము జర్మనీ ఆస్ట్రియాలలో, కొలువు ఆంగ్లప్రభుత్వమున, వృత్తి సంస్కృతము. ఇట్టి యధ్యాపకునకు కళాశాల తెరచియుండు దినములలో కచేరీ వ్రాతపనియే మిక్కుటము. ఆయన శాస్త్రపరిశ్రమయంతయు సెలవులను నమ్ముకొని సాగినది. సెలవులు రెండు విధములు. వేసవి మొదలు శరత్తు వరకు వచ్చు దీర్ఘావకాశము కాశ్మీరమునకు వినియోగపడెను. చలికాలమున వచ్చు క్రిస్టమసు సెలవులు స్వల్పములు. అప్పుడు కాశ్మీరమార్గములు మంచుచే గప్పబడియుండును. కావున హేమంతావకాశము లాహోరునకు జేరువనున్న ప్రదేశములకే పరిమితమయ్యెను. ఈ రెండవ తెగ ప్రయాణములలో నొకటి ఆయన పద్ధతిని దెలిసికొనుటకు బీజము వంటిది. దానిని వివరించుటకు ముందు రాజతరంగిణి స్థితి యెట్లున్నదో చెప్పవలసియున్నది.

కల్హణుడు కాశ్మీరరాజగు హర్షుని కొలువున నున్న చంపకుని కుమారుడు. 1148వ సంవత్సరమున గ్రంథమారంభించి రెండేండ్లలో ముగించెను. ఎనిమిది తరంగములుగల యా గ్రంథమున ఏడువేల యెనిమిదివందల శ్లోకములకు బైగా నున్నవి. తాను పూర్వుల గ్రంథములను పదునొకండింటిని, నీలమతపురాణమును, దేవాలయప్రతిష్ఠాశాసనములను, దానశాసనములను బరిశీలించి వ్రాసితినని కవి చెప్పుకొనెను. అనగా కల్హణుడే స్వయముగా ఱాళ్లను జదివినవాడు. అట్టివాని గ్రంథము ఱాళ్లను జూడనివారి చేతులలో బడి చాల చెడినది. కాశ్మీరమున శారదాలిపిలో నున్న మూలము నాగరిలిపిలోనికి మాఱునప్పుడు, ఆ దేశపు గ్రామములను, నదులను, గుళ్లను ఎరుగని లేఖకులు తమకు దోచిన యక్షరములను వ్రాసిరి. సామాన్యశబ్దమున దప్పు దొర్లినచో వ్యాకరణము పట్టియిచ్చును. గ్రామనామమున దప్పు దొర్లినచో ఏ సూత్రమును బట్టియియ్యదు. 1835లో కలకత్తాయందు వెలువడిన ముద్రణమున నిట్టి దోషములు మెండు.

ఆదర్శగ్రంథము శ్రీనగరమున నొక పండితకుటుంబమున నుండెను. అది పదునేడవ శతాబ్దమున రాజానక రత్నకంఠుడు శారదాలిపిలో వ్రాసిన ప్రతి. బ్యూలరు 1875లో కాశ్మీరమున కేగి దాని ప్రాముఖ్యమును గ్రహించెను గాని, పరిష్కరణమునకై చేకొనజాలకపోయెను. పిదప నది వారసులలో మూడు భాగములుగా బంచబడెను. ఆ భాగములను స్టైను 1889లో పరిశోధనార్థము సంపాదింపగలిగెను. వానిని బట్టి సరిచూచిన మూలము 1892లోను, ఆంగ్లానువాదము వ్యాఖ్యాసహితముగా రెండు సంపుటములుగా 1900లోను వెలువడినవి. ఇది గ్రంథచరిత్ర. ఈ పరిష్కర్త లిపి యొక్కటియే చాలదని యెట్లు గ్రహించెనో చూపునది 1889 డిసెంబరునాటి యాత్ర.

చీనాయాత్రికుడగు హ్యూయెన్‌త్సాంగు ఏడవ శతాబ్దమున సింహపురమను రాజ్యమును వర్ణించెను. అది యప్పుడు కాశ్మీరమునకు లోబడియున్నదని చెప్పెను. అచ్చట నశోకస్తూపమొకటి కలదనియు, దాని చెంత శ్వేతాంబరమతమునకు మూలపురుషుడు జ్ఞానమును బొంది తొలుత నుపదేశించిన స్థలము కలదనియు, దేవాలయ మొకటి కట్టబడినదనియు వ్రాసెను. మహాభారతమున సభాపర్వమునందు అర్జునుని యుత్తరదిగ్విజయమున సింహపురము పేర్కొనబడినది. నగరము వాస్తవమనుటకు రెండు సాక్ష్యములు గలవు. ఎచ్చటనున్నదనుట మాత్రము వివాదాస్పదముగా నుండెను. జైనవాఙ్మయమున గృషి చేసిన బ్యూలరుపండితుడు, యాత్రికుడు చెప్పిన జైనస్థానమును వెదకుమని శిష్యునకు వ్రాసెను. శిష్యుడు క్రిస్టమసు సెలవులలో లవణపర్వతములకు బయలుదేరెను.

లవణపర్వతము లనగా, నేడు పాకిస్తానులోని పంజాబునందు, వితస్తానదికి (జీలమునకు) వాయవ్యమున బరచుకొనియున్న ఉప్పుకొండలు. అందు కటాసు అను ప్రసిద్ధతీర్థము గలదు. సతీదేవి మరణమునకు శివుడు కార్చిన కన్నీరే యచ్చటి కొలనైనదని జనశ్రుతి. పూర్వపరిశోధకుడగు కన్నింగుహాము సింహపురవర్ణనమును ఈ కటాసు ప్రాంతమునకే యన్వయించియుండెను. కాని కటాసునందలి గుళ్లు హిందూదేవాలయములు, జైనచిహ్నములు లేనివి. స్టైను అంతటితో మరలక వెదకి, కొలది మైళ్ల దూరమున గంధాల లోయయందు మూర్తి యను గ్రామముకడ నొక చిన్న దిబ్బను జేరెను. గుడి లేదు. గుడి ఱాళ్లను జనులు కట్టడములకై కొనిపోయియుండిరి. మిగిలిన ప్రతిమాఖండములు, స్తంభఖండములు జైనశిల్పమును జెప్పకయే చెప్పుచుండెను. గ్రామమునకు మూర్తి యను పేరే యా విగ్రహముల జ్ఞాపకము. గుడి నశించినను నామము నశింపలేదు. బ్యూలరు ఈ సంగతిని 1890లో వియన్నా ప్రాచ్యపత్రికయందు ప్రకటించెను.

ఈ చిన్న యాత్ర శబ్దశాస్త్రజ్ఞునకు గొప్ప పాఠము. సింహపుర మను సమాసమున వ్యాకరణకార్యము సులభము. సింహశబ్దమునకును పురశబ్దమునకును షష్ఠీతత్పురుషము చెప్పినను, సంజ్ఞ యని రూఢి చెప్పినను, రూపసిద్ధి యొక్కటియే. కాని యీ రూపము గల నగరములెన్ని! పంచనదమున నొకటి. కళింగమున మాఠరాదిరాజుల శాసనములందు గానవచ్చు సింహపుర మింకొకటి. దానిని శ్రీకాకుళము చెంతనున్న సింగుపురముగా బండితులు గుర్తించిరి. సింహళుల మహావంశమున విజయుని తండ్రి నిర్మించిన సింహపుర మింకొకటి. సముద్రము నడుమనున్న సింగపూరు గూడ నీ శబ్దముయొక్క వికారమే. అన్నిటికి వ్యుత్పత్తి సమానము, అర్థము భిన్నము. నానార్థశబ్దము సంసర్గము, విప్రయోగము, సాహచర్యము మున్నగు హేతువులచే నియతమగునని భర్తృహరి వాక్యపదీయమున లెక్కపెట్టెను. ఆ లెక్కలో దేశము, కాలము గూడ నున్నవి. కావ్యప్రకాశమును జదివిన ప్రతి విద్యార్థియు నీ పట్టికను గంఠస్థము చేయును. సంసర్గమునకు శంఖచక్రములతో గూడిన హరిని, సాహచర్యమునకు రామలక్ష్మణులను ఉదాహరించును. దేశమునకు ఉదాహరణము నిచ్చి ముందునకు సాగును. దేశము నిజముగా నర్థమును నిర్ణయించు నెడల, ఆ దేశమునకు బోయి చూడవలయునను నాలోచన పాఠశాలలో బుట్టుట యరుదు. స్టైను హరి చెప్పిన హేతువును బాదచారియై యనుష్ఠించెను. ఆయన నిజమైన వైశిష్ట్య మిదియే.

హేమంతయాత్రలో గన్పట్టిన యీ పద్ధతియే కాశ్మీరమున వేసవి శరత్కాలపు యాత్రలందు విస్తరించి రాజతరంగిణీవ్యాఖ్య యయ్యెను. ఒక్క యుదాహరణము చాలును. పంచమతరంగమున నవంతివర్మ కాలపు (855–883) సుయ్యుని కథ గలదు. సుయ్యుడు వితస్తానదికి గట్టు కట్టించి, ప్రవాహమునకు అడ్డుగానున్న ఱాళ్లను దీయించి, ముంపుభూములను బయల్పరచెను. పూర్వము సుభిక్షకాలమునందును ఖారి ధాన్యము రెండువందల దీనారముల వెల యుండగా, అది ముప్పదియాఱు దీనారములకు దిగెనని కల్హణుడు చెప్పెను. ఆ సందర్భముననే, పూర్వము సింధువితస్తలు త్రిగ్రామికడ గలిసికొనుచుండెననియు, సుయ్యుడు ఆ సంగమమును వేఱొకచోటికి మార్చెననియు గవి వర్ణించెను. ఈ శ్లోకములయందు గ్రహింపరాని పదమేదియు లేదు. అయినను గదిలో గూర్చుండి చదువువానికి రెండు భ్రమలు గలుగును. సింధువనగా మహాసింధునదియే యని యొకటి. కాశ్మీరమున సింధువను పేర వితస్తకు ఉపనది యొకటి గలదు, అదియే యిచ్చట వివక్షితము. సంగమమును మార్చుట యతిశయోక్తి యని రెండవది. స్టైను త్రిగామను గ్రామమునకు బోయి, పరిహాసపురపు శిథిలములకు దాపున నెండిపోయిన పాతయేటిదారిని, గుడి పునాదులను జూచి, శ్లోకములను స్థలముతో బొసగించెను. నేటి సంగమము షాదీపురముకడ నున్నది. పాతది యెచ్చటనున్నదో భూమియే చూపుచున్నది. కవి యలంకారము వ్రాయలేదు, యథార్థము వ్రాసెను. అలంకారమనుకొనుట పాఠకుని దోషము.

స్థలనామముల వికారములను గుర్తించుటలోను స్టైను పరిశ్రమ వైయాకరణులకు బ్రియమైనది. విజయేశ్వరము బిజ్‌బిహారగను, పద్మపురము పాంపురుగను, సుయ్యపురము సోపురుగను, హుష్కపురము ఉష్కురుగను, వరాహమూలము బారాములాగను మారినవి. వితస్త వ్యథ్ అయినది. ఈ మార్పులలో వర్ణలోపము, సంయోగసరళత క్రమము తప్పక నడచినవి. గ్రామీణుని నోట నున్న రూపమును అపభ్రంశమని తోసివేసినచో, గ్రంథములోని రూపమునకు బ్రామాణ్యము దొరకదు. మహాభాష్యకారుడు గోశబ్దమునకు గావీ గోణీ మొదలగు నపభ్రంశములు పెక్కు గలవని చెప్పెను. వానిని లెక్కించుటలో ఆయన ప్రయోజనము సాధుశబ్దనిర్ణయము. స్థలనామములయెడ నా మార్గము తలక్రిందగును. అపభ్రంశముల వెంట నడచియే సాధుశబ్దమును జేరవలయును.

ఇచ్చట నొక పూర్వపక్షము రావచ్చును. కావ్యమునకు శబ్దార్థములే శరీరము. సుయ్యుని కాలువ నిజముగా నున్నదో లేదో తెలిసినంతమాత్రమున రసానుభూతి పెరుగునా? మేఘదూతమును జదువువాడు రామగిరికి బోయి రావలయునా? ఈ యాక్షేపము రాజతరంగిణివిషయమున సగము మాత్రమే నిలుచును. కల్హణుడు తన కృతిని గావ్యముగనే వ్రాసెనుగాని, జరిగిన సంగతిని రాగద్వేషములు లేక చెప్పువాడే శ్లాఘ్యుడని ప్రతిజ్ఞ చేసెను. ప్రతిజ్ఞ చేసిన కవిని ఆ ప్రతిజ్ఞచే బరీక్షించుట న్యాయము. దానికి స్థలపరీక్ష తప్ప వేఱు మార్గము లేదు. మిగిలిన సగము నిజముగా స్టైనునకు దగులును. ఆయన లోపములను జెప్పవలసిన ఘట్టమిదియే.

కల్హణుడు తన గ్రంథమున శాంతరసము ప్రధానమని యాదియందే చెప్పెను. రాజుల వైభవము నీటిబుడగవంటిదని యెఱిగించుటయే యా తరంగముల యుద్దేశము. హర్షుడు గుళ్ల విగ్రహములను గొల్లగొట్టించుట, వాని నగరు తగులబడుట, రాజు దిక్కులేక చచ్చుట, ఇవన్నియు సంగతులు మాత్రమే కావు, విభావములు. స్టైను వ్యాఖ్యలో నదీమార్గములకు, దుర్గములకు, కనుమలకు, నాణెములకు లభించిన యాదరము ఈ రసమునకు లభింపలేదు. అనువాదము పదపదము జాగరూకతతో నడచినదిగాని, కవి గొంతు దానియందు వినబడదు. చరిత్రకు బనికివచ్చు శ్లోకము శ్లోకము, మిగిలినది కవిసమయము అన్నట్లు తోచును. ఈ కొఱతను గుర్తించియే రణజిత్ సీతారామ పండితుడు రాజతరంగిణిని గావ్యముగా దలచి మరల ననువదించెను. ఆ యనువాదము కారాగారవాసకాలమున సాగి 1935లో వెలువడినది. ఒకడు కొండలెక్కి చదివిన గ్రంథమును ఇంకొకడు నాలుగుగోడల నడుమ జదివెను. కొండలెక్కినవానికి స్థలము దొరకినది. గోడల నడుమనున్నవానికి కవి దొరకెను. ఇది విచిత్రమైనను విచారింపదగిన సంగతి.

విచారించినచో స్టైనునకు గలిగిన నష్టము తప్పనిసరి కాదని తేలుచున్నది. పుణ్యాశ్రమములు, క్షేత్రములు, తీర్థములు, రమ్యవనములు శాంతమునకు ఉద్దీపనవిభావములని సాహిత్యదర్పణకారుడు చెప్పెను. దేశము హరిమతమున నర్థనిర్ణాయకము, ఆలంకారికమతమున రసోద్దీపకము. ఒకే స్థలము రెండు శాస్త్రములకును సాధనము. మూర్తిగ్రామపు దిబ్బ సింహపురపు జైనస్థానము నెఱిగించును. ఒక మతమునకు బుట్టినిల్లని విదేశయాత్రికుడు వర్ణించిన పుణ్యభూమి, గోడలకై ఱాళ్లు పోయి, పేరు మాత్రము మిగిలిన తీరు శాంతమును గూడ నెఱిగించును. పరిహాసపురపు బోడిఱాళ్లను జూచినవానికి లలితాదిత్యుని కథలోని నిర్వేదము సులభముగా దోచవలయును. స్టైనునకు హృదయము లేదనరాదు. 1895 మొదలు మోహంద్‌మార్గు మెట్టలయందు గుడారము వేసికొని అనువాదమును సాగించినవాడు ఆ పర్వతములను బ్రేమింపకుండునా? ఆ ప్రేమ లేఖలకు, దినచర్యలకు దక్కెను, వ్యాఖ్యకు దక్కలేదు. వ్యాఖ్యయందు స్థలమునకు బ్రమాణపదవి యొక్కటియే లభించెను. స్థలమును సగము చదువుట యనగా నిదియే.

రెండవ లోపము సహాయులకు సంబంధించినది. శ్రీనగరపండితుడగు గోవిందకౌలు లేనిదే ఈ పరిశ్రమ సాగియుండదు. శారదాలిపియందు, కాశ్మీరాచారములందు, కల్హణుని వాక్యభంగులందు నాతని పరిజ్ఞానము స్టైనునకు నిత్యాధారము. వారిద్దరు సంస్కృతముననే సంభాషించుచుండిరి. గోవిందకౌలు 1899లో, అనువాదము వెలువడుటకు ముందటియేట, మరణించెను. స్టైను కృతఘ్నుడు కాడు. పీఠికలలో నాతని పేర్కొనెను. 1923లో గ్రియర్‌సనుతో గూడి ప్రకటించిన కాశ్మీరకథల సంపుటమున నాతని స్మృతిని విపులముగా వ్రాసెను. అయినను రాజతరంగిణి ముఖపత్రమున నున్నది యొక్క పేరే. యాత్రికునకు సెలవులు ముగిసినంతనే స్థలము దూరమగును. ఆ స్థలమునందే పుట్టి, హేమంతమందును గ్రీష్మమందును నివసించువాని జ్ఞానము ఆతనికి ఋణముగా లభించినది. ఆ ఋణమును కృతజ్ఞతావాక్యముచే దీర్చుట యొకటి, కర్తృత్వమున భాగమిచ్చుట వేఱొకటి.

మూడవది వస్తువులను దరలించుట. మూర్తిగ్రామపు శిల్పములు లాహోరు మ్యూజియమునకు జేరినవి. ఱాళ్లను గట్టడములకై కొనిపోవు కాలమున నది రక్షణమే యని సమర్థింపవచ్చును. కాని యాత్రాభ్యాసము పెరిగినకొలది చేతిచాపు గూడ బెరిగినది. 1898 జనవరిలో స్టైను బునేరుసీమకు దండయాత్ర చేసిన సైన్యముతో గూడ బోయి శిథిలములను బరిశీలించెను. పాండిత్యము దండు వెనుక నడచిన సందర్భమిది. 1907లో తున్‌హ్వాంగు గుహలనుండి వేలకొలది పురాతనగ్రంథములను స్వల్పధనమునకు గొనిపోయెను. చీనాపండితు లందులకు నేటికిని వగచుచున్నారు. శ్రీనగరపు వారసులను బ్రతిమాలి ఆదర్శగ్రంథమును బరిశోధనార్థము పొందిన 1889నాటి యధ్యాపకునకును, గుహలనుండి పెట్టెలు నింపించిన 1907నాటి యన్వేషకునకును నడుమనున్న దూరము చిన్నది కాదు. మొదటివాడు స్థలమువలన గ్రంథమును దెలిసికొనెను. రెండవవాడు స్థలమునుండి గ్రంథమును వేఱుచేసెను. దేశ మర్థనిర్ణాయకమని యొప్పుకొన్నవాడు గ్రంథమును దేశమునుండి పెకలించుట స్వసిద్ధాంతభంగము.

పరదేశాధ్యాపకుల ప్రసక్తి కల్హణునియందే కలదు. కాశ్మీరమున విచ్ఛిన్నమైన మహాభాష్యపఠనమును జయాపీడరాజు మరల నెలకొల్పెననియు, అందులకై దేశాంతరములనుండి వ్యాఖ్యాతలను రప్పించెననియు, తాను క్షీరుడను వైయాకరణునికడ శబ్దశాస్త్రము నేర్చెననియు జతుర్థతరంగమున నున్నది. ఒక దేశమున దెగిన విద్యాసూత్రమును ఇంకొకదేశపువాడు వచ్చి ముడివేయుట యవమానము కాదు. కాని రాజు రప్పించిన వ్యాఖ్యాతలు భాష్యమును గాశ్మీరమునకు ఇచ్చిరి. వచ్చినవాడు ఇచ్చెనా, తీసికొనెనా, ఇచ్చినదెంత, తీసికొనినదెంత యని యడుగుట సముచితము. స్టైను విషయమున సమాధానము గ్రంథమును బట్టి మారును. కల్హణునకు ఆయన యిచ్చినదే యెక్కువ. ఆయనకు బూర్వము కల్హణు డర్ధస్ఫుటుడు. పిదప ప్రతి గ్రామమునకు, ప్రతి కనుమకు జిరునామా గలిగెను.

ఈ విచారము కాశ్మీరముతోడనే ముగియునది కాదు. సింహపురమును వర్ణించిన హ్యూయెన్‌త్సాంగే యాంధ్రదేశమునకు వచ్చి వేంగీపురమును, ధాన్యకటకమును, దానికి రెండువైపుల నున్న పూర్వశైలాపరశైలవిహారములను వర్ణించెను. ఆ విహారములు విజయవాడకడనా, అమరావతికడనా యని పందొమ్మిదవ శతాబ్దమున వాదములు చెలరేగెను. గ్రంథములను మాత్రమే తిరుగవేసిన నవి తీరునవి కావు. మనకావ్యములలో, శాసనములలో నున్న గ్రామనామము లెన్నియో నేటికిని సింహపురమువలె నానార్థములై యున్నవి. సంక్రాంతి సెలవులలో నొక్కొక్క పాఠశాలాపండితుడు తన యూరిచుట్టు నున్న శాసనములలోని పొలిమేరలను, చెఱువులను, త్రోవలను నడచి చూచి, వాని నేటి పేర్లను గ్రామవృద్ధుల నోటినుండి వ్రాసికొనినచో, హంగరీనుండి యొకడు రావలసిన యవసర ముండదు. అట్లు నడచువానికి రెండు సౌకర్యములు గలవు. సెలవులు ముగిసినను స్థలము వానికి దూరము కాదు. స్థలముతోబాటు పద్యమును గూడ జెవియొగ్గి వినుటకు దగిన భాష వానిదే.

హైమంతికశబ్దమునకు మూలమైన గ్రంథమేదో కాశికాకారులు పేరు చెప్పలేదు. హేమంతసహచరితమని మాత్రము చెప్పిరి. లక్ష్యము లేని లక్షణముగా నున్న యా శబ్దమునకు లవణపర్వతములలోని మూర్తిదిబ్బ యొక లక్ష్యము. ఆ దిబ్బపై స్టైను అర్థమును జదివెను. ఆ దిబ్బపైననే రసమును జదువుట వెనుకవచ్చు హైమంతికుల పనిగా మిగిలియున్నది.